పునర్విభజన అని ఎందుకు రాయకూడదు

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ ఆమోదించిన రాత్రి నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పని చేస్తున్నాను. మొదటి పేజీకి వెళ్లే వార్తల్లో ఒకదానికి రెండు కాలమ్‌ల శీర్షిక పెట్టే బాధ్యత నాకు వచ్చింది. బిల్లు పేరు ఉన్నదున్నట్టు రాస్తే 'పునర్వ్యవస్థీకరణ' అన్న ఒక్క మాటే వరుసంతా ఆక్రమిస్తోంది. అక్షరాల సైజు తగ్గిస్తే అంత పెద్ద వార్త చిన్నబోయినట్టు కనిపిస్తోంది. పక్క సీటులోని సీనియర్ లేచి వచ్చి, స్క్రీన్ మీద ఒకసారి చూసి, "పునర్విభజన అని పెట్టండి, పట్టేస్తుంది" అన్నారు. పెట్టాను, పట్టింది. ఆ రాత్రి నాకు అది జాగాకు సంబంధించిన విషయంగానే తోచింది. ఒక మాటకు బదులు అర్థంలో వేరైన ఇంకో మాటను లక్షలమంది ముందు పెడుతున్నానన్న ఆలోచన రాలేదు.

అప్పటి నుంచి ఈ మూడు మాటలు నా కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి. ఒకే చట్టాన్ని ఒక పత్రికలో విభజన చట్టమనీ, మరో పత్రికలో పునర్విభజన చట్టమనీ, ప్రభుత్వ ఉత్తర్వుల తెలుగు ప్రతుల్లో పునర్వ్యవస్థీకరణ చట్టమనీ రాస్తున్నారు. ఒక్కోసారి ఒకే వార్తలో మొదటి పేరాలో ఒక పేరు, మూడో పేరాలో ఇంకో పేరు కనిపిస్తుంది. వీటిలో 'విభజన చట్టం' జనం పెట్టుకున్న పొట్టి పేరు. జరిగిన సంగతిలో సగాన్ని అది నిజాయితీగా చెబుతుంది కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. 'పునర్వ్యవస్థీకరణ చట్టం' అన్నది అసలు పేరు. 'పునర్విభజన చట్టం' మాత్రం అసలు పేరూ కాదు, పొట్టి పేరూ కాదు, తప్పు పేరు. దాన్ని తెలుగు రాసేవాళ్లందరం మానుకోవాలన్నదే నా వాదన.

ముందుగా 'పునః' సంగతి చూద్దాం. పునః అంటే మళ్లీ. పునర్జన్మ అన్నామంటే అంతకుముందు ఒక జన్మ ఉన్నట్టు, పునఃప్రారంభం అన్నామంటే ఒకసారి మొదలై ఆగిపోయినట్టు. ఆ లెక్కన పునర్విభజన అనడానికి ఆ వస్తువు అంతకుముందే ఒకసారి భాగాలై ఉండాలి. నియోజకవర్గాల విషయంలో ఈ మాట అక్షరాలా సరిపోతుంది. 1952, 1963, 1973, 2002 సంవత్సరాల్లో ఏర్పడిన కమిషన్లు దేశంలోని నియోజకవర్గాల హద్దులను మళ్లీ మళ్లీ గీశాయి కాబట్టి 'నియోజకవర్గాల పునర్విభజన' అన్న మాటకు వంక పెట్టలేం. జిల్లాల విషయంలోనూ అంతే. ప్రకాశం 1970లో, రంగారెడ్డి 1978లో, విజయనగరం 1979లో పాత జిల్లాల నుంచి పుట్టాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు, వాటిని పునర్విభజన అన్నా పునర్వ్యవస్థీకరణ అన్నా భాషకు నష్టం లేదు. కానీ 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2014 జూన్ 2న మొదటిసారి రెండయింది. మొదటిసారి జరిగినదాన్ని 'మళ్లీ' అని ఎలా అంటాం?

ఇదంతా వ్యాకరణ పట్టింపు అనిపించవచ్చు. అలా అనిపించినవాళ్లు ఆ చట్టంలోని 26వ సెక్షన్ తెరిచి చూడాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచి, నియోజకవర్గాల హద్దులను తిరిగి నిర్ణయించాలని ఆ సెక్షన్ చెబుతుంది. దాన్ని తెలుగులో నియోజకవర్గాల పునర్విభజన అనే అంటాం, ఇంకో మాట లేదు. ఇప్పుడు చట్టాన్ని కూడా పునర్విభజన చట్టం అంటే, 'పునర్విభజన చట్టం ప్రకారం పునర్విభజన జరగాలి' అని రాయాల్సి వస్తుంది. ఇలాంటి వాక్యాన్ని నేను స్వయంగా దిద్దాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. 'పునర్విభజన ఇంకా జరగలేదు' అన్న శీర్షిక చూసిన పాఠకుడు, రాష్ట్రం ఎప్పుడో విడిపోయింది కదా అని తికమకపడి కార్యాలయానికి ఫోను చేసిన సందర్భం నాకు తెలుసు. రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు పెట్టి, ఏది ఏదో పాఠకుణ్నే తేల్చుకొమ్మని వదిలేయడం మా వృత్తికి తగదు.

ఇక అసలు మాట దగ్గరికి వస్తాను. రాజ్యాంగంలోని మూడో అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన అధికారం కేవలం రాష్ట్రాలను విడదీయడం కాదు. ఒక రాష్ట్రం నుంచి కొంత ప్రాంతాన్ని వేరు చేసి కొత్త రాష్ట్రం ఏర్పరచవచ్చు, రెండు రాష్ట్రాలను కలపవచ్చు, విస్తీర్ణం పెంచవచ్చు, తగ్గించవచ్చు, హద్దులు మార్చవచ్చు, పేరు మార్చవచ్చు. ఈ పనులన్నింటినీ ఒక్క మాట కిందికి తేవాలంటే అది విభజన కాజాలదు. ఫజల్ అలీ అధ్యక్షుడిగా, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా 1953 డిసెంబరులో ఏర్పడి 1955 సెప్టెంబరులో నివేదిక ఇచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరగబోయే సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రలో కలపవచ్చని ఆ కమిషన్ సూచించింది. కేంద్రం అంతవరకు ఆగలేదు, 1956లోనే రెంటినీ కలిపింది. ఆ కలిపిన చట్టం పేరు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం. అదే చట్టం పాత హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి, తెలంగాణను ఆంధ్రప్రదేశ్‌లో, మరఠ్వాడాను బొంబాయిలో, కన్నడ జిల్లాలను మైసూరులో కలిపింది. యాభై ఎనిమిదేళ్ల తర్వాత తెలుగువాళ్లను రెండు రాష్ట్రాలు చేసిన చట్టానికి కూడా అదే పేరు. 1956లో కలిపినదీ పునర్వ్యవస్థీకరణే, 2014లో విడదీసినదీ పునర్వ్యవస్థీకరణే. దాని బదులు పునర్విభజన అని రాసే అలవాటును వెనక్కి తీసుకెళ్తే, ఆంధ్రప్రదేశ్ పుట్టుకను కూడా విభజన అని చెప్పాల్సి వస్తుంది.

మాటను విడదీసి చూస్తే దాని బలం ఇంకా బాగా తెలుస్తుంది. 'స్థా' ధాతువుకు నిలవడం అని అర్థం. ఏది ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచి ఉండటం వ్యవస్థ. దానికి 'కరణ' చేర్చినప్పుడు 'వ్యవస్థా' అన్నది 'వ్యవస్థీ' అయింది. ఇలా మాట చివర ఈకారం తెచ్చేదాన్ని సంస్కృత వ్యాకరణంలో చ్వి ప్రత్యయం అంటారు. దాని అర్థాన్ని 'అభూతతద్భావం' అని చెబుతారు, అంటే ఇంతకుముందు అలా లేనిది అలా కావడం. సమం కానిదాన్ని సమం చేయడం సమీకరణ, ఒకటిగా లేనివాటిని ఒకటి చేయడం ఏకీకరణ. ఈ ప్రత్యయం మన పత్రికా భాషలో ఎంత సజీవంగా ఉందంటే, ఒక ఇంగ్లీషు మాటకు కూడా దాన్ని తగిలించి ప్రైవేటీకరణ అన్నాం, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. కాబట్టి పునర్వ్యవస్థీకరణ అన్న మాటలోనే ఒక ఒప్పుకోలు ఉంది: పాత అమరిక చెదిరింది, ఇప్పుడు ఉన్నది ఇంకా అమరిక కాదు, దాన్ని మళ్లీ అమరికగా చేయాలి. విభజన అన్న మాటలో ఆ ఒప్పుకోలు లేదు. ఈ మాటను 'పునర్వవస్థీకరణ' అని, 'పునఃవ్యవస్థీకరణ' అని రాయడం కూడా తరచుగా చూస్తుంటాం. మొదటిదానిలో యవత్తు జారిపోయింది, రెండోదానిలో సంధి జరగలేదు. ఈ తప్పులు దిద్దుకోదగినవి, అర్థాన్ని మార్చేవి కావు. నా బాధ వాటి గురించి కాదు.

ఇంత కష్టమైన సంస్కృత సమాసం మనకెందుకు, తెలుగు మాట లేదా అని అడిగేవాళ్లున్నారు. ఉంది. మనం రోజుకు పదిసార్లు వాడే మాట, 'సర్దు'. చెల్లాచెదురుగా ఉన్నవాటిని వాటి వాటి చోట్లలో పెట్టడం దాని మూలార్థం. ఇల్లు సర్దుతాం, బీరువా సర్దుతాం, ఊరికి వెళ్తూ బట్టలు సర్దుకుంటాం. అక్కడి నుంచి ఆ మాట ఎంత దూరం వెళ్లిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కొంచెం సర్దుకోండి" అంటే అందరూ కాస్త జరుగుతారు. నెలాఖరులో "ఓ ఐదు వేలు సర్దుతావా?" అని స్నేహితుణ్ని అడిగితే అది అప్పే అయినా అప్పు అన్న మాటలోని బరువు ఉండదు. గొడవ పడినవాళ్లకు పెద్దలు సర్దిచెబుతారు. పార్టీలు సీట్లు సర్దుబాటు చేసుకుంటాయి. పిల్లలు తగ్గిన బడిలోని మిగులు ఉపాధ్యాయులను వేరే బడులకు సర్దుబాటు చేస్తారు. ఈ వాడుకలన్నింటిలో ఒక సామాన్యాంశం ఉంది: కొత్తగా వచ్చి చేరేది ఏమీ లేదు, ఉన్నదాన్నే ఉన్న చోటులో ఇమడ్చాలి. వ్యవస్థీకరణ అన్న పెద్ద మాట సారాన్ని ఇంతకంటే చక్కగా చెప్పే తెలుగు మాట నాకు తెలియదు.

అయినా చట్టానికి 'రాష్ట్ర సర్దుబాటు చట్టం' అని పేరు పెట్టమని నేను అడగను. దానికి కారణం ఉంది. సర్దు అన్న క్రియ నుంచే 'సర్దుకుపోవడం' వచ్చింది, అక్కడ అర్థం మారిపోయింది. వస్తువులను సర్దేటప్పుడు సర్దే మనిషి వేరు, సర్దబడే వస్తువు వేరు. సర్దుకుపోవడంలో మనిషే తనను తాను కుదించుకోవాలి. అత్తవారింటికి వెళ్లే ఆడపిల్లకు "సర్దుకుపో అమ్మా" అని చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పం. ఆ మాటలో ఎవరో ఒకరు తగ్గాలన్న తీర్పు ముందే ఉంటుంది. ఇద్దరికీ హక్కులున్న చోట, ఎవరూ తగ్గనక్కరలేకుండా లెక్క తేల్చాల్సిన చోట, సర్దుబాటు అన్న మాట వాడితే న్యాయం ఒక పక్కకు ఒరిగినట్టు వినిపిస్తుంది. అందుకే చట్టానికి ఆ ఎనిమిది అక్షరాల మాటే తగినది. అయితే ఆ మాటను అర్థం చేసుకోవడానికి మాత్రం మనం ఇంటి మాట దగ్గరికే రావాలి.

మా ఇంట్లో పంపకాలు జరిగినప్పుడు నాకు పదకొండేళ్లు. కృష్ణా జిల్లాలో మాది పాత పెంకుటిల్లు. తాతయ్య పోయిన మరుసటి ఏడు నాన్న, బాబాయి వేరుపడ్డారు. ఊళ్లో పెద్దమనుషులు నలుగురు పొద్దున్నే వచ్చి వసారాలో నులక మంచాల మీద కూర్చున్నారు. పొలానికి చీటీలు వేశారు. ఇంటికి మధ్యలో దూలం వెంట గీత గీశారు. ఇత్తడి, రాగి సామాను తూకం వేసి రెండు కుప్పలు పోశారు. కాగితం మీద సంతకాలు పూర్తయి అందరూ మధ్యాహ్నం భోజనాలకు లేచారు. నాన్న వాటాలోకి వచ్చిన సగంలో వంటిల్లు లేదు, ధాన్యం గది ఉంది. బాబాయి సగంలో వంటిల్లు ఉంది, ధాన్యం పోసుకునే చోటు లేదు. బావి బాబాయి వైపు ఉంది, పశువుల కొట్టం మా వైపు ఉంది. దేవుడి గూడు సరిగ్గా ఆ దూలం కింద ఉంది. నాయనమ్మ ఏ కుప్పలోనూ లేదు.

వారం తర్వాత పక్కింటి అత్తయ్య వచ్చి, "పంపకాలు అయిపోయాయటగా?" అని అడిగింది. అమ్మ ధాన్యం గదిలో కొత్తగా పెట్టిన పొయ్యి ముందు పొగలో కూర్చుని ఉంది. "అయిపోయాయి వదినా, ఇంకా సర్దుకోలేదు" అంది. ఆ సర్దుకోవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. పొగ పోవడానికి పైన పెంకులు తీసి గూడు పెట్టించారు. బావి దగ్గరికి వెళ్లడానికి మధ్య గోడలో తలుపు పెట్టాలని ఒకరు, వద్దని ఒకరు అన్నారు, చివరికి పెట్టారు. కొట్టంలో బాబాయి గేదెకు రెండు వానాకాలాలు చోటిచ్చారు. నాయనమ్మ నెలకో ఇంట్లో ఉండాలన్న ఏర్పాటు ఆమెకే నచ్చక, తన మంచాన్ని ఆ మధ్య తలుపు దగ్గర వేయించుకుంది. ఇవేవీ పంపకాల కాగితంలో లేవు. ఆ రోజు పెద్దమనుషులు చేసినది విభజన, ఆ తర్వాత మూడేళ్లు అమ్మ, పిన్ని, నాయనమ్మ చేసినది పునర్వ్యవస్థీకరణ. అమ్మకు ఆ సంస్కృత మాట తెలియదు, కానీ రెండూ ఒకటి కాదని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

2014 నాటి చట్టాన్ని ఈ కళ్లతో చదివితే అందులో విడదీసే భాగం చాలా చిన్నది. ఏ జిల్లాలు తెలంగాణ అవుతాయో, మిగిలినవి ఏమిటో మొదటి కొన్ని సెక్షన్లలోనే తేలిపోతుంది. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్న ఆ చట్టంలో మిగతాదంతా సర్దే పనే. హైదరాబాద్ పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంటుందని అయిదో సెక్షన్ చెప్పింది. గోదావరి, కృష్ణా నదులకు యాజమాన్య బోర్డులు పెట్టాలని 85వ సెక్షన్ చెప్పింది. తొమ్మిదో షెడ్యూలులో ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు, పదో షెడ్యూలులో శిక్షణ సంస్థలు, మండళ్లు, అకాడమీలు చేరాయి. ఆస్తిపాస్తులు పంచాల్సిన చాలా చోట్ల జనాభా లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతాల నిష్పత్తి వచ్చింది. అపాయింటెడ్ డే అని మనం వార్తల్లో రాసిన ఆ 2014 జూన్ 2 నాడు విభజన పూర్తయింది. సర్దుడు మాత్రం ఆ రోజే మొదలైంది.

అది ఎంత కాలం సాగిందో చూడండి. హైకోర్టు 2019 జనవరి 1న గానీ రెండు కాలేదు. ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్ స్థలం పంపకం తేలడానికి 2024 వరకు ఆగాల్సి వచ్చింది. పదో షెడ్యూలు సంస్థలు రెండో రాష్ట్రానికి కూడా సేవలు కొనసాగించాలని 75వ సెక్షన్ చెప్పింది గానీ, వాటి ఆస్తులు, బ్యాంకు నిల్వలు ఎవరివో విడమరిచి చెప్పలేదు. ఉన్నత విద్యామండలి ఖాతాల మీద రేగిన వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి 2016లో తీర్పు వచ్చాక గానీ దారి కనపడలేదు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, ఆ రాముడి గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. గీత గీసినప్పుడు అది ఒక గీతే. పట్టణానికీ చుట్టుపక్కల పంచాయతీలకూ మధ్య రోజువారీ జీవితం ఎలా నడవాలన్నది మా ఇంటి బావి లాంటి సమస్య.

ఉద్యోగుల విషయంలో మాట వల్ల జరిగిన నష్టం నాకు మరీ బాధ కలిగించింది. రాష్ట్ర స్థాయి ఉద్యోగుల్లో ఎవరు ఏ రాష్ట్రానికి వెళ్లాలో తేల్చడానికి కమలనాథన్ కమిటీ పని చేసిన కాలంలో మేమంతా 'ఉద్యోగుల విభజన' అనే రాశాం. మనుషులను విభజించలేం, కేటాయించగలం, బదిలీ చేయగలం. భార్య ఒక రాష్ట్రానికీ భర్త ఇంకో రాష్ట్రానికీ కేటాయింపు పొందిన కుటుంబాలకు మా శీర్షికలో ఆ మాట చూసినప్పుడు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు. కేటాయింపు అని రాసి ఉంటే, కేటాయించినవాళ్లను తిరిగి అడిగే వీలుందని, దిద్దే అవకాశముందని ఆ మాటే చెప్పేది. విభజన అన్నప్పుడు తెగిపోయినట్టే వినిపిస్తుంది.

ఇక్కడే నా వాదనకు అసలు కారణం ఉంది. పునర్విభజన చట్టం అన్న పేరు విన్న మనిషికి ఆ చట్టం పని విడదీయడమేనని, అది ఎప్పుడో జరిగిపోయిందని, ఇప్పుడు దాని గురించి మాట్లాడేవాళ్లు పాత గొడవ తవ్వుతున్నారని అనిపిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇలా అనుకునేవాళ్లను నేను చూశాను. జూన్ 2ను పండుగగా జరుపుకొనేవాళ్లకూ, ఆ రోజును నష్టంగా తలచేవాళ్లకూ ఒకేలా ఉపయోగపడే సంగతి ఏమిటంటే, ఆ చట్టం ఇంకా చేయాల్సిన పనుల పట్టిక. ఏ హామీ అమలైంది, ఏ ఆస్తి తేలలేదు, ఏ బోర్డుకు ఏ అధికారం రావాలి అని అడిగే హక్కు ఇరువైపులవాళ్లకూ ఆ పేరులోనే ఉంది. పేరు మార్చి రాసినప్పుడల్లా ఆ హక్కు కొంత మరుగున పడుతోంది.

మా పత్రికల్లో ఈ మాటను మంత్రివర్గానికి వాడేటప్పుడు చూపించే జాగ్రత్త నాకు ఎప్పుడూ నచ్చుతుంది. కొత్తవాళ్లను చేర్చుకుంటే విస్తరణ అంటాం, శాఖలు మార్చి కొందరిని తీసి కొందరిని పెడితే పునర్వ్యవస్థీకరణ అంటాం. ఈ తేడాను ఏ సబ్ ఎడిటర్‌కూ నేర్పనక్కరలేదు. అరడజను మంత్రుల శాఖల విషయంలో పాటించే తేడాను కోట్లమంది జీవితాలను మార్చిన చట్టం విషయంలో పాటించలేమని నేను ఒప్పుకోను.

మాట పొడవు గురించి చెప్పే అభ్యంతరం ఒక్కటే మిగిలింది. నోటికి కష్టం, శీర్షికలో పట్టదు అంటారు. మాట్లాడేటప్పుడు ఎవరూ పునర్వ్యవస్థీకరణ అనరు, అననక్కరలేదు. టీ కొట్టు దగ్గర విభజన చట్టమనే అంటారు, అది అందరికీ అర్థమవుతుంది. వార్త లోపలి భాగంలో పూర్తి పేరు రాయడానికి జాగా ఎప్పుడూ ఉంటుంది. మిగిలింది శీర్షిక. పునర్వ్యవస్థీకరణలో ఎనిమిది అక్షరాలు, పునర్విభజనలో ఆరు. ఆ రాత్రి నేను ఆరు అక్షరాలు ఎంచుకున్నాను. విభజనలో నాలుగే ఉన్నాయి.